పబ్లిష్ అయిన పేపర్‌లో టేబుల్ మొత్తం తప్పు – కరెక్షన్ అడగాలా, పేపరే వెనక్కి తీసుకోవాలా?

హాలియా వాగు · రాత్రి 11:42

అందరికీ నమస్తే. రెండేళ్లుగా ఇక్కడ చదవడమే తప్ప రాయడం ఇదే మొదటిసారి. మాది నల్గొండ జిల్లానే, కెమిస్ట్రీ పీహెచ్‌డీ నాలుగో ఏడు. పోయిన సంవత్సరం మా పేపర్ ఒకటి వచ్చింది. జర్నల్ పేరు చెప్పను, స్కోపస్ అనే జర్నళ్ల జాబితాలో ఉన్నదే. మర్రిగూడ, నాంపల్లి వైపు 46 బోర్ల నీళ్లు వానలకు ముందు ఒకసారి, వానలు తగ్గాక ఒకసారి తెచ్చి ఫ్లోరైడ్, కాల్షియం, మిగతావి చూశాం. ఫస్ట్ ఆథర్ నేను, కరెస్పాండింగ్ ఆథర్ గైడ్ సార్, మధ్యలో ఇంకో ఇద్దరు.

పోయిన వారం మా జూనియర్ చెయ్యి అలవాటు కావడానికని అవే బోర్లలో రెండింటి నీళ్లు తెచ్చి ఎలక్ట్రోడ్ పెట్టి చూసింది. ఒకదానికి ఫ్లోరైడ్ లీటరుకు 4.1 మిల్లీగ్రాములు వచ్చింది. మా టేబుల్‌లో ఆ బోరుకు వానల తర్వాత 0.9 అని ఉంది. టీసాబ్ బఫర్ (కొలిచే ముందు నీళ్లలో కలిపే ద్రావణం) పాతదేమో అక్కా అంది. బఫర్ కొత్తగా కలిపి మళ్లీ చూశాం, మళ్లీ 4.1 దగ్గరే. అప్పుడు ఫీల్డ్ నోట్‌బుక్ తీశాను. ఆ పేజీ మీద ఎప్పుడో నీళ్లు పడి ఇంకు అలుక్కుపోయింది గానీ అంకె కనిపిస్తూనే ఉంది. నా చేత్తో నేను రాసింది, 4.2.

రాత్రంతా కూర్చుని ఎక్సెల్ షీట్ తవ్వితే సంగతి తెలిసింది. వానల తర్వాతి షీట్‌లో ఫ్లోరైడ్ కాలమ్‌కు ముందు ఒక ఖాళీ కాలమ్ వదిలాను, చూడ్డానికి బాగుంటుందని! ఊళ్ల పేర్లను అక్షర క్రమంలో సార్ట్ చేసినప్పుడు ఆ ఖాళీకి ఎడమవైపు ఉన్నదంతా కదిలింది, కుడివైపు ఫ్లోరైడ్ మాత్రం ఉన్నచోటే ఉండిపోయింది. అంటే ఒక ఊరి బోరు పక్కన ఇంకో ఊరి ఫ్లోరైడ్. వానల ముందు షీట్ మాత్రం బాగానే ఉంది.

గైడ్ సార్‌కు చెప్పాను. ఆయన కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "ముగ్గురు తమ పేపర్లలో మనదాన్ని సైట్ చేశారు, ముగ్గురిలో ఎవరూ అడగలేదు, నువ్వెందుకు లేవదీస్తావు, థీసిస్ సబ్మిట్ చేసుకో ముందు" అన్నారు. సార్ చెడ్డవాళ్లు కాదు, ఆయన ప్రమోషన్ ఫైలు నడుస్తోంది. నాకు నిద్ర పట్టడం లేదు. ఏం చేయాలి?

గడియారం చౌరస్తా · రాత్రి 11:58

చెల్లె, నీ గైడ్ చెప్పిందే కరెక్టు అనుకుంటా, కోపం తెచ్చుకోకు. నేను ఇంజనీరింగ్ కాలేజీలో పదకొండేళ్లుగా చెప్తున్నా. ఇక్కడ పేపర్ అంటే ఏంటో నీకు చెప్పాలా? లెక్క కోసం రాస్తాం, ఫైల్లో పెడతాం, పాయింట్లు వేసుకుంటాం. సగటు మారిందా? మినిమమ్, మాక్సిమమ్ మారినయా? మారకపోతే ఎవరికి నష్టం?

మరీ మనసొప్పకపోతే కొత్త టేబుల్ పంపి చిన్న కరెక్షన్ వేయించుకో. అంతే. రిట్రాక్షన్, అంటే పేపర్ వెనక్కి తీసుకోవడం, అనే మాట నీ నోట రానీయకు. రేపు డిగ్రీ లెక్చరర్ ఇంటర్వ్యూలో నీ పేరు గూగుల్ చేస్తే ఆ పదం పక్కనే కనబడుద్ది.

పిల్లలమర్రి · రాత్రి 12:20

సగటు మారదు అన్నా, అదే ఇందులో మోసం. అంకెలు అవే 46, వరస మాత్రమే చెదిరింది. కాబట్టి సగటు, కనిష్ఠం, గరిష్ఠం, ఎన్ని బోర్లు 1.5 హద్దు దాటాయన్న లెక్క అన్నీ అట్లనే ఉంటాయి. అందుకే మీరు నలుగురు, రివ్యూయర్లు ఇద్దరో ముగ్గురో ఎవరూ పట్టుకోలేదు. చెడిపోయేది జత. ఏ బోరుకు ఏ ఫ్లోరైడ్, ఏ కాల్షియంకు ఏ ఫ్లోరైడ్ అన్నది.

హాలియా గారూ, పేపర్‌లో కోరిలేషన్ లెక్కలు, అంటే రెండింటి మధ్య సంబంధం చూపే ఆర్ విలువలు (సున్నా దగ్గరుంటే సంబంధం లేనట్టు), ఉన్నాయా? ఉంటే అసలు సంగతి అక్కడ. సరైన జతతో మళ్లీ వేసి చూశారా?

(నేను స్టాటిస్టిక్స్ మనిషిని, మహబూబ్‌నగర్. ఎక్సెల్ బాధితులు మీరొక్కరే కాదు. మార్చ్1, సెప్ట్2 అనే జీన్ల పేర్లను ఎక్సెల్ తేదీలుగా మార్చేస్తోందని చివరికి 2020లో ఆ జీన్ల పేర్లే మార్చుకున్నారు. మనుషులు ఎక్సెల్‌కు లొంగిపోయిన రోజు అది.)

హాలియా వాగు · రాత్రి 12:51

వేశాను అన్నా. వానల ముందు ఫ్లోరైడ్–కాల్షియం మధ్య ఆర్ విలువ మైనస్ 0.58. వానల తర్వాత పేపర్‌లో వేసింది మైనస్ 0.06. ఇప్పుడు సరిచేస్తే మైనస్ 0.55.

అసలు బాధ ఇదే. "వానల తర్వాత కాల్షియంతో సంబంధం తెగిపోతోంది" అన్నదే మా పేపర్ గొప్ప. అబ్‌స్ట్రాక్ట్‌లో చివరి వాక్యం అదే. ఒక రివ్యూయర్ దాన్ని మెచ్చుకున్నాడు కూడా. ఇప్పుడు చూస్తే తెగింది సంబంధం కాదు, నా షీట్.

పిల్లలమర్రి · రాత్రి 12:55

అబ్బా.

కృష్ణ తీరం · ఉదయం 5:37

అమ్మా, నేను జియాలజీ చెప్పి రిటైరైనవాణ్ని, గద్వాల వైపు ఉంటాను. ఉదయాన్నే ఇది చదివాను.

ముందు సబ్జెక్టు మాట. మన గ్రానైట్ నేలలో కాల్షియం ఎక్కువున్న నీళ్లలో ఫ్లోరైడ్ పెద్దగా పెరగదు. రెండూ కలిసి ఫ్లోరైట్ అనే ఖనిజంగా కూర్చుంటాయి. కాల్షియం తక్కువ, సోడియం, బైకార్బొనేట్ ఎక్కువ ఉన్న నీళ్లలోనే ఫ్లోరైడ్ పెరుగుతుంది. వాన నీళ్లు దిగి పలచబడితే ఆ సంబంధం కొంత వదులవ్వచ్చు. పూర్తిగా మాయమైందంటే మాత్రం, నేను రివ్యూయర్‌నైతే మెచ్చుకోవడానికి ముందు షీట్ అడిగేవాణ్ని. ఆ రివ్యూయర్ మీదా కొంత తప్పుంది, అది వేరే సంగతి.

ఇక నా మాట. తొంభైలలో నా పేపర్ ఒకదానిలో మ్యాపు స్కేలు తప్పు పడింది. నేనే ఉత్తరం రాశాను. ఎనిమిది నెలలకు తర్వాతి వాల్యూములో, చివరి పేజీలో, ప్రకటనల కింద మూడు లైన్ల ఎర్రేటమ్, అంటే తప్పు సవరణ, వేశారు. లైబ్రరీలో బైండింగ్ చేసేవాడు ప్రకటనల పేజీలతో పాటు దాన్ని కూడా చించేశాడు. జిరాక్సులు తిరిగాయి, ఎర్రేటమ్ తిరగలేదు. పదేళ్ల తర్వాత కూడా ఒక కుర్రవాడు ఆ తప్పు స్కేలుతో దూరాలు కొలిచి నాకే పంపాడు, చూడమని. ఇప్పుడు నీకు ఆ బాధ లేదు, ఆన్‌లైన్‌లో పేపర్ పక్కనే నోటీసు ఉంటుంది. ఆ సౌకర్యం ఉండి కూడా వాడుకోకపోతే ఎలా?

లైబ్రరీ మూల · ఉదయం 8:15

హాలియా, కాలేజీకి బయల్దేరుతూ రాస్తున్నా, తప్పులుంటే సర్దుకోండి. లైబ్రేరియన్‌గా రోజూ ఈ లొల్లి చూస్తాను కాబట్టి ముందు పేర్లు విడదీసి చెప్తాను. అందరూ కలిపేస్తున్నారు.

ప్రెస్సు వాళ్ల వల్ల తప్పు పడితే ఎర్రేటమ్, రాసినవాళ్ల వల్ల పడితే కోరిజెండమ్ అనేవారు. ఇప్పుడు చాలా జర్నళ్లు ఆ లాటిన్ వదిలేసి పబ్లిషర్ కరెక్షన్, ఆథర్ కరెక్షన్ అంటున్నాయి. తేలని అనుమానం ఉండి విచారణ నడుస్తుంటే ఎక్స్‌ప్రెషన్ ఆఫ్ కన్సర్న్ వేస్తారు, అంటే "జాగ్రత్తగా చదవండి, ఇంకా తేలలేదు" అని. పేపర్‌లో చెప్పిన ముఖ్యమైన ఫలితమే నమ్మలేనిదైతే రిట్రాక్షన్.

1997లో బ్రిటన్‌లో మొదలైన కోప్ అనే కమిటీ ఉంది, పెద్ద పబ్లిషర్లంతా దాని మార్గదర్శకాలే పాటిస్తారు. అందులో చాలామందికి తెలియని సంగతి ఒకటి: రిట్రాక్షన్‌కు మోసం జరిగి ఉండనక్కర్లేదు. నిజాయితీగా జరిగిన పొరపాటైనా సరే, ఫలితం నిలబడకపోతే వెనక్కి తీసుకోవాలి. అది రికార్డును బాగుచేయడానికే తప్ప మనిషిని శిక్షించడానికి కాదని అందులోనే రాసి ఉంటుంది. చిన్న భాగమే తప్పై మిగతాది నిలబడితే కరెక్షన్ చాలు.

మీ కేసు ఆ గీత మీద ఉంది. టేబుల్ ఒక్కటే అయితే కరెక్షన్. కానీ అబ్‌స్ట్రాక్ట్ చివరి వాక్యం పోయింది కదా!

గడియారం చౌరస్తా · ఉదయం 9:02

మేడమ్, పుస్తకంలో మీరు చెప్పినట్టే ఉంటది. బయట అట్ల లేదు. 2023లో ప్రపంచం మొత్తం మీద పదివేలకు పైగా పేపర్లు రిట్రాక్ట్ అయినయి, అందులో ఎనిమిది వేలకు పైగా ఒక్క హిందావీ జర్నళ్లవే. విలీ కంపెనీ 2021లో దాదాపు 30 కోట్ల డాలర్లు పెట్టి కొన్న బ్రాండు అది. పేపర్ మిల్లులు, అంటే డబ్బుకు దొంగ పేపర్లు రాసిచ్చేటోళ్లు, తయారుచేసి అమ్మిన సరుకు. వాటి ఇంగ్లీషు చూశారా? కాపీ దొరకకుండా ప్రతి మాటకూ పర్యాయపదం మార్చే సాఫ్ట్‌వేర్‌లో వేస్తే బ్రెస్ట్ క్యాన్సర్ కాస్తా "బోసమ్ పెరిల్" అయింది. అంటే రొమ్ము ఆపద! ఆర్టిఫిషియల్ ఇంటెలిజెన్స్ "కౌంటర్‌ఫీట్ కాన్షస్‌నెస్" అయింది, దొంగ స్పృహ అన్నట్టు. చదివి నవ్వాలా ఏడ్వాలా?

ఆ సరుకూ, ఈ చెల్లె ఖాళీ కాలమూ ఒకే లిస్టులో పక్కపక్కన కూర్చుంటయి. పైగా 2025 నుంచి ఎన్ఐఆర్ఎఫ్ అనే కేంద్రం వాళ్ల కాలేజీ ర్యాంకింగులో రిట్రాక్ట్ అయిన పేపర్లకు మార్కులు కోస్తున్నరు. ఇప్పుడు చెప్పండి, ఏ ప్రిన్సిపాల్ "శభాష్, వెనక్కి తీసుకో" అంటడు?

లైబ్రరీ మూల · ఉదయం 9:40

మీ కోపం సరైనదే, ఎన్ఐఆర్ఎఫ్ సంగతిలో నేనూ మీతోనే ఉన్నాను. దొంగ సరుకు అమ్మినవాడికీ, తన తప్పు తానే చెప్పుకున్నవాడికీ ఒకే కోత వేస్తే తప్పు చెప్పుకునేవాడే మిగలడు.

కానీ "లిస్టులో అందరూ ఒకటే" అన్నది నిజం కాదు. 2012లో పబ్‌మెడ్ అనే వైద్య పేపర్ల జాబితాలోని 2,047 రిట్రాక్షన్లు పరిశీలిస్తే 67.4 శాతం దుష్ప్రవర్తన వల్ల, 21.3 శాతం పొరపాటు వల్ల అని తేలింది. ఐదింట ఒకటి పొరపాటు. ఆ తేడా ఎక్కడ తెలుస్తుంది? నోటీసులో. ఎవరు అడిగారు, ఎందుకు, ఏది తప్పు అని నోటీసులో స్పష్టంగా ఉంటే చదివినవాళ్లకు అర్థమవుతుంది. "డేటాలో లోపాల వల్ల" అని ఒక్క ముక్క రాసి వదిలేస్తేనే జనం ఏదో దొంగతనం అనుకుంటారు. కాబట్టి హాలియా, రిట్రాక్షన్ అయినా నోటీసులో ఏం రాస్తారన్నది మీరు పట్టుబట్టాల్సిన విషయం.

పిల్లలమర్రి · ఉదయం 10:11

గడియారం అన్నా, ఫ్రాన్సెస్ ఆర్నాల్డ్ గుర్తున్నారా? 2018 కెమిస్ట్రీ నోబెల్. 2019లో సైన్స్ పత్రికలో వచ్చిన పేపర్‌ను 2020 జనవరిలో వెనక్కి తీసుకున్నారు. ఫలితాలు మళ్లీ రాలేదు, ల్యాబ్ నోట్‌బుక్‌లో అప్పటి ఎంట్రీలు, ముడి డేటా కనబడలేదు. ఆ కొత్త సంవత్సరం పనికి సంబంధించిన మొదటి ట్వీట్ ఇదే కావడం చాలా బాధగా ఉందని, ఆ పేపర్ పంపేటప్పుడు పనుల్లో ఉండి సరిగ్గా చూడలేదని తనే ట్విట్టర్‌లో చెప్పుకున్నారు. ఆమె పరువు పోలేదు, పెరిగింది.

నోబెల్ వచ్చినవాళ్లకు చెల్లుతుంది అంటారు, తెలుసు. కానీ హాలియా గారి దగ్గర ఆర్నాల్డ్ దగ్గర లేనిది ఒకటుంది. ఇంకు అలుక్కుపోయిన నోట్‌బుక్.

గడియారం చౌరస్తా · ఉదయం 10:19

అనబోయేది నువ్వే అన్నవ్. నోబెల్ ఉన్నోళ్లకు చెల్లుద్ది.

డిండి కట్ట · మధ్యాహ్నం 1:30

మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. నాది వేరే కథ గానీ ఇదే లైను. ఎకనామిక్స్ స్కాలర్‌ని. రెండేళ్ల కింద ఒక జర్నల్‌కు 3,500 కట్టి పేపర్ వేయించుకున్నా. నాలుగు రోజుల్లో "రివ్యూ" అయిపోయింది. ఇప్పుడు చూస్తే అందులో ఒక పట్టిక పూర్తిగా పాత సంవత్సరానిది. తీసేయమని మెయిల్ చేస్తే విత్‌డ్రాయల్ ఫీజు 8,000 అడుగుతున్నారు. వేయడానికి ఒక రేటు, తీయడానికి ఇంకో రేటు. ఇది ఎక్కడైనా ఉందా?

లైబ్రరీ మూల · మధ్యాహ్నం 2:05

దొంగ జర్నళ్ల దగ్గర ఇది మామూలే. ఒక్క రూపాయి కట్టకండి. మీ మెయిల్స్, రసీదు దాచుకోండి, సీవీలోంచి ఆ పేపర్ తీసేయండి, థీసిస్‌లో సరైన పట్టిక పెట్టి అడుగున "ఫలానా చోట వచ్చినదానిలో ఈ పట్టిక తప్పు" అని నోట్ రాయండి. మీ చేతిలో ఉన్నది అంతే.

హైదరాబాద్ కేంద్రంగా నడిచిన ఓమిక్స్ అనే పబ్లిషర్ మీద అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2016లో కేసు వేసినప్పుడు ఉన్న ఆరోపణల్లో ఇదీ ఒకటి: పేపర్ వెనక్కి ఇమ్మంటే చాలాసార్లు ఇవ్వరని. 2019లో కోర్టు 5 కోట్ల డాలర్లకు పైగా కట్టమంది. మన ఊరి గొప్ప అలా కూడా పాకింది.

మోడరేటర్ · మధ్యాహ్నం 2:20

డిండి గారూ, దీనికి వేరే చర్చ తెరవండి, మీ ప్రశ్న మంచిదే, ఇందులో కొట్టుకుపోతుంది.

బత్తాయి తోట · సాయంత్రం 6:48

నేను పేపర్లు రాసేవాణ్ని కాదు. మర్రిగూడ మండలంలో ప్రైమరీ స్కూల్ టీచర్ని, మా అన్న కొడుకు ఈ లింకు పంపాడు. పొద్దున్నుంచి మీరంతా కరెక్షనా రిట్రాక్షనా, ఇంటర్వ్యూ, ర్యాంకు అని మాట్లాడుతున్నారు. నాది ఒకటే ప్రశ్న. ఆ టేబుల్‌లో ఊళ్ల పేర్లు ఉన్నాయా?

భగీరథ నీళ్లు వస్తున్నాయి, కాదనను. కానీ పైపు పగిలిందంటే రెండు మూడు రోజులు బోరే దిక్కు. ఏ బోరు మంచిది, ఏది కాదు అన్నది మా దగ్గర ప్రాణం లెక్క. నడుము వంగిపోయి, కాళ్లు వంకర పోయిన పెద్దవాళ్లను చూస్తూ పెరిగినవాణ్ని. 0.9 అని ఎక్కడో యూనివర్సిటీ కాగితంలో కనబడితే మా ఊళ్లో "ఇది పాసైన బోరు" అంటారు. 4.2 అంటే ఎంతో మీకు నేను చెప్పనక్కర్లేదు.

హాలియా వాగు · రాత్రి 7:30

ఉన్నాయి సార్. ఊళ్ల పేర్లు, బోరు లోతు అన్నీ ఉన్నాయి.

మీరు రాసింది చదివాక చాలాసేపు ఏమీ చేయలేకపోయాను. సరైన లెక్కతో చూస్తే ఇలాంటివి ఏడు బోర్లు. పేపర్‌లో 1.5 లోపల చూపించాం, నిజానికి దాటాయి. మన దేశ ప్రమాణం ప్రకారం 1.0 లోపు ఉండాలి, వేరే నీళ్లు లేకపోతేనే 1.5 దాకా ఒప్పుకుంటారు. అందులో రెండు 4 దాటాయి. ఇంకో ఏడింటికి తిరగబడింది, మంచివాటిని చెడ్డవిగా చూపించాం. రెండు వైపులా ఏడేసి కాబట్టి మొత్తం లెక్కలో కొట్టుకుపోయి ఎవరికీ కనబడలేదు.

రేపు ఉదయం ఆ ఏడు ఊళ్ల పంచాయతీ సెక్రటరీలకు ఫోన్ చేస్తాను. జర్నల్ తేల్చేదాకా ఆగాల్సిన పని లేదు కదా దీనికి.

బత్తాయి తోట · రాత్రి 7:41

నంబర్లు లేకపోతే అడగమ్మా, నేను ఇప్పిస్తా.

గడియారం చౌరస్తా · రాత్రి 8:26

సరే. చిన్న కరెక్షన్ వేయించుకో అన్న మాట వెనక్కి తీసుకుంటున్నా. ఇదీ రిట్రాక్షన్ కిందే రాసుకోండి.

కానీ చెల్లె, గైడ్‌ను పక్కనపెట్టి ఒక్కదానివే జర్నల్‌కు మెయిల్ కొట్టకు. థీసిస్ మీద సంతకం పెట్టాల్సింది ఆయనే. ముందు ఆయనను ఒప్పించు. సార్ తప్పు చేసినట్టు కాదు, "సార్, రేపు ఎవరో బయటివాడు పబ్‌పీర్ అనే పేపర్ల తప్పులెంచే సైట్లో పెడితే మనం దాచినట్టు అవుతుంది, మనమే చెప్తే తప్పును మనమే పట్టుకున్నట్టు అవుతుంది" అను. ప్రమోషన్ ఫైలు నడుస్తున్న మనిషికి అదే భాష అర్థమవుద్ది.

కృష్ణ తీరం · రాత్రి 9:10

చౌరస్తా వారు చెప్పింది నిజం. ఇంకొకటి. నోట్‌బుక్ ఆ పేజీ, పాత షీట్, సరిచేసిన షీట్, జూనియర్ చూసిన కొత్త విలువలు అన్నీ ఒక కవర్లో పెట్టి సార్ టేబుల్ మీద పెట్టు. మాట కంటే కాగితం నెమ్మదిగా పనిచేస్తుంది గానీ గట్టిగా పనిచేస్తుంది. మిగతా ఇద్దరు ఆథర్లకు కూడా అదే రోజు పంపు, నీ ద్వారా కాక వేరే దారిలో వాళ్లకు తెలియకూడదు.

లైబ్రరీ మూల · రాత్రి 9:34

ఆథర్లంతా ఒప్పుకుంటే మంచిది. ఒకరు ఒప్పుకోకపోయినా ఎడిటర్ ముందుకు వెళ్లొచ్చు, నోటీసులో ఎవరు అంగీకరించారో ఎవరు లేదో రాస్తారు. రిట్రాక్ట్ అయినంత మాత్రాన పేపర్ మాయమైపోదు. ప్రతి పేజీ మీద అడ్డంగా రిట్రాక్టెడ్ అని ముద్ర వేసి అలాగే ఉంచుతారు, నోటీసుకూ పేపర్‌కూ లింకులు కలుపుతారు. తొలగించి దాచేస్తే జరిగింది ఎవరికీ తెలియదు కదా.

అది కూడా అన్నిసార్లూ పనిచేయదు, నిజమే. ఎంఎంఆర్ టీకాకూ ఆటిజంకూ ముడిపెట్టిన వేక్‌ఫీల్డ్ పేపర్ లాన్సెట్ వైద్య పత్రికలో 1998లో వచ్చింది, 12 మంది పిల్లల మీద. 2004లో 10 మంది సహ రచయితలు ఆ వ్యాఖ్యానం నుంచి తప్పుకున్నారు. పూర్తిగా వెనక్కి తీసుకున్నది 2010లో. పన్నెండేళ్లు! ఆలోపు ఎంతమంది తల్లులు భయపడ్డారో. అదే లాన్సెట్ 2020లో సర్జిస్ఫియర్ అనే కంపెనీ డేటాతో వచ్చిన హైడ్రాక్సీక్లోరోక్విన్ పేపర్‌ను మే 22న వేసి జూన్ 4న వెనక్కి తీసుకుంది. డేటా చూపించమంటే చూపించలేకపోయారు.

హాలియా వాగు · నాలుగు రోజుల తర్వాత, రాత్రి 10:05

కవర్ పెట్టాను. సార్ రెండు రోజులు దాన్ని ముట్టుకోలేదు, ల్యాబ్‌కు వచ్చినప్పుడల్లా చూస్తూనే ఉన్నాను, అదే మూల, అదే కవర్. మూడో రోజు పిలిచి "ఈ ఖాళీ కాలమ్ ఎందుకు పెట్టావు" అని అడిగారు. చూడ్డానికి బాగుంటుందని సార్ అన్నాను. ఆయన నవ్వలేదు. "మెయిల్ రాసి చూపించు" అన్నారు.

పంచాయతీ సెక్రటరీలకు ఫోన్లు అయ్యాయి. ఐదుగురు రాసుకున్నారు. ఒకాయన "మీరెవరు, మా బోరు నీళ్లు ఎప్పుడు పట్టుకుపోయారు" అని గట్టిగా అడిగాడు, అదీ న్యాయమే. ఇంకొకరు ఎత్తలేదు, బత్తాయి తోట సార్ బండి మీద వెళ్లి చెప్పొచ్చారు.

మెయిల్ ఇంగ్లీషులో రాశాను గానీ సారాంశం ఇక్కడ పెడుతున్నా, చూడండి: "అనుకోకుండా జరిగిన పొరపాటు వల్ల రెండో పట్టికలో ఫ్లోరైడ్ విలువలు తారుమారయ్యాయి. ఇది పూర్తిగా అనుకోకుండా జరిగింది. మాకు ఎలాంటి దురుద్దేశం లేదు. ముఖ్య ఫలితం కొంత మారవచ్చు. తగిన చర్య తీసుకోగలరు."

కృష్ణ తీరం · మరుసటి ఉదయం 5:50

"అనుకోకుండా" రెండుసార్లు, "దురుద్దేశం" ఒకసారి. గుమ్మడికాయల దొంగ అనకముందే భుజాలు తడుముకున్నట్టుంది. ఒకసారి చెప్పు చాలు. "కొంత మారవచ్చు" తీసెయ్. మారింది, ఎంత మారిందో నీకు తెలుసు, రాయి.

పిల్లలమర్రి · ఉదయం 7:22

నేనైతే ఇలా రాస్తాను: వానల తర్వాతి షీట్‌ను సార్ట్ చేసినప్పుడు ఖాళీ కాలమ్ వల్ల ఫ్లోరైడ్ విలువలు కదలలేదు. అందువల్ల రెండో పట్టికలో 46లో ఇన్ని బోర్లకు విలువలు తప్పు. సగటు మారలేదు. కాల్షియంతో ఆర్ విలువ మైనస్ 0.06 కాదు, మైనస్ 0.55. కాబట్టి అబ్‌స్ట్రాక్ట్‌లోనూ ముగింపులోనూ చెప్పిన ఫలానా వాక్యం నిలబడదు. వానల ముందు డేటా, మొదటి పట్టిక సరైనవే. ముడి షీట్లు, నోట్‌బుక్ ఫోటోలు జత చేశాం. కరెక్షనా, రిట్రాక్షనా మీరు తేల్చండి, దేనికైనా నలుగురమూ సిద్ధం.

"46లో ఇన్ని" అన్నచోట లెక్కపెట్టి అంకె వేయండి. సార్ట్‌లో కదలకుండా అదృష్టం కొద్దీ సరిగ్గా మిగిలినవి కూడా ఒకటో రెండో ఉంటాయి.

హాలియా వాగు · ఉదయం 8:03

మూడు ఉన్నాయి అన్నా. 43 తప్పు.

హాలియా వాగు · మూడున్నర నెలల తర్వాత, మధ్యాహ్నం 3:15

ఇక్కడ చెప్పకుండా ఉండలేను. నిన్న నోటీసు వచ్చింది. రిట్రాక్షనే.

మెయిల్ పంపిన పదిహేను రోజులకు ఎడిటర్ రాశారు, ముడి ఫైళ్లు, నోట్‌బుక్‌లో పన్నెండు పేజీల స్కాన్ అడిగారు. తర్వాత ఒక స్టాటిస్టిక్స్ మనిషికి పంపారట. టేబుల్ ఒక్కటే అయితే కరెక్షన్ వేసేవాళ్లమని, ముఖ్య ఫలితం పోయింది కాబట్టి వెనక్కి తీసుకోక తప్పదని, సరిచేసినదాన్ని కొత్త పేపర్‌గా పంపితే మామూలుగానే రివ్యూకు తీసుకుంటామని అన్నారు. మొదట పంపిన నోటీసు డ్రాఫ్ట్‌లో అచ్చం లైబ్రరీ మేడమ్ చెప్పినట్టే ఉంది, "డేటాలో లోపాల వల్ల" అని ఒకటే ముక్క. రచయితలే గుర్తించి తెలియజేశారని, ఏ పట్టికలో ఏం జరిగిందో రాయమని అడిగాను. రాశారు. ఖాళీ కాలమ్ సంగతి కూడా ఉంది అందులో, ఇక జీవితాంతం ఇంటర్నెట్‌లో ఉంటుంది.

సైట్ చేసిన ముగ్గురికీ మెయిల్ పెట్టాను. ఒకరే జవాబిచ్చారు, వాళ్లు మా వానల ముందు డేటా మాత్రమే వాడారట. థీసిస్‌లో నాలుగో చాప్టర్ మళ్లీ రాస్తున్నా.

నోటీసు వచ్చిన రోజు ఏడ్చాను, దాచడమెందుకు. మా అమ్మ "పాసైనవా ఫెయిలైనవా" అని అడిగింది. ఏం చెప్పాలో తెలియక అన్నం పెట్టమన్నాను.

గడియారం చౌరస్తా · మధ్యాహ్నం 3:31

గైడ్ సార్ ఎట్ల ఉన్నరు?

హాలియా వాగు · మధ్యాహ్నం 3:40

నాతో పనికి మించి మాట్లాడటం లేదు. ప్రమోషన్ ఇంకా తేలలేదు. కానీ కొత్తగా చేరిన ఇద్దరు స్కాలర్లకు ముడి షీట్‌ను ముట్టుకోకముందే తన మెయిల్‌కు ఒక కాపీ పంపమని చెప్పారట, జూనియర్ చెప్పింది.

డిండి కట్ట · మధ్యాహ్నం 4:02

నాకు ఇప్పుడు విత్‌డ్రాయల్ ఫీజు 5,000కు తగ్గించారు, "పండగ ఆఫర్" అని మెయిల్. అబద్ధం కాదు, స్క్రీన్‌షాట్ ఉంది.

లైబ్రరీ మూల · సాయంత్రం 5:12

డిండి గారూ, ఆ స్క్రీన్‌షాట్ నాకు పంపండి, మా కాలేజీలో వర్క్‌షాప్‌కు వాడుకుంటాను.

హాలియా, నోటీసు లింకు ఒకసారి ఇవ్వండి. మా రిపాజిటరీలో మీ పాత పేపర్ ఉంది, దాని పక్కన పెట్టాలి. లేకపోతే మా పిల్లలు పాత పీడీఎఫ్‌నే దించుకుంటారు. జొటేరో (పేపర్లు దాచుకునే సాఫ్ట్‌వేర్) వాడేవాళ్లకైతే అది ఎర్రగా చూపిస్తుంది గానీ మా దగ్గర వాడేది నలుగురే.

హాలియా వాగు · సాయంత్రం 5:20

పంపిస్తాను మేడమ్. ఇక్కడ కరెంటు పోయింది, ఫోన్ 4 శాతం ఉంది. వచ్చాక పెడతా.